వర్డ్‌ప్రెస్ టెంప్లేట్‌లో కస్టమ్ ఫీల్డ్ ఫంక్షన్‌ను పిలవడం: ముందస్తు పని నుంచి సైట్‌కు ఎక్కించే దాకా

"అన్నా, అడ్మిన్‌ల ధర కొట్టిన. సైట్‌ల జూస్తే ఉత్త రూపాయి గుర్తే ఉన్నది."

గద్వాల నుంచి ఓ చీరల దుకాణం వాళ్లబ్బాయి ఫోన్. వారం తిరగకముందే నారాయణపేట నుంచి ఇంకొకరు. ఆ తర్వాత మా నల్గొండలోనే గడియారం సెంటర్ దగ్గర కంప్యూటర్ క్లాసులు చెప్పే ఒకాయన. అడిగే తీరు వేరు, సంగతి ఒకటే. వర్డ్‌ప్రెస్‌లో మనం సొంతంగా పెట్టుకున్న ఫీల్డ్ విలువను తెచ్చే ఫంక్షన్ ఎలా రాయాలి, దాన్ని టెంప్లేట్‌లో ఎక్కడ, ఎలా పిలవాలి? ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ వరుసగా పెడుతున్నా.

ఒక మాట ముందే. కోడ్‌లోని పేర్లను ఫోన్‌లో చదివి వినిపించినట్టు తెలుగులోనే రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో రాయండి. రెండు పదాల మధ్య కింద గీత కనిపిస్తే అది అండర్‌స్కోర్. కోట్ గుర్తులు, బ్రాకెట్లు, సెమికోలన్లు ఎక్కడున్నవి అక్కడే ఉండాలి.

## 1. చేయి పెట్టే ముందు

ఓసారి బతుకమ్మ పండుగ ముందు ఒక దుకాణం సైట్‌లో అసలు థీమ్ ఫైల్‌లోనే మార్పులు రాసేశాను. రెండు రోజులకు థీమ్ అప్‌డేట్ వచ్చింది. యజమాని బటన్ నొక్కాడు. నేను రాసిందంతా ఊడ్చుకుపోయింది. బ్యాకప్ తీయలేదు కాబట్టి ఆ రాత్రి మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది. తప్పు యజమానిది కాదు, అప్‌డేట్ చేయడం మంచి అలవాటే. రాయకూడని చోట రాసింది నేను.

కోడ్ ముట్టుకునే ముందు ఇవి సిద్ధంగా ఉన్నాయో లేదో చూసుకోండి.

- బ్యాకప్: ఫైళ్లు, డేటాబేస్ రెండూ. మీ ఫీల్డ్ విలువలు ఉండేది డేటాబేస్‌లోనే, ఒక్క ఫైళ్లు దాచుకుంటే అవి రావు.
- చైల్డ్ థీమ్ (అసలు థీమ్ మీద ఆధారపడి నడిచే మీ సొంత చిన్న థీమ్): అసలు థీమ్ అప్‌డేట్ అయినా మీ టెంప్లేట్లు చెదరకుండా ఉండటానికి.
- ఫైల్ మేనేజర్ లేదా ఎఫ్‌టీపీ లాగిన్: సైట్ పడిపోతే అడ్మిన్ కూడా తెరుచుకోకపోవచ్చు. అప్పుడు ఇదొక్కటే దారి.
- టెస్ట్ కాపీ: మీ ల్యాప్‌టాప్‌లోనో, హోస్టింగ్‌లోనే సబ్‌డొమైన్ మీదనో.
- డీబగ్ లాగ్: కాన్ఫిగ్ ఫైల్‌లో 'డబ్ల్యూపీ_డీబగ్', 'డబ్ల్యూపీ_డీబగ్_లాగ్' రెండూ ట్రూ, 'డబ్ల్యూపీ_డీబగ్_డిస్‌ప్లే' ఫాల్స్. ఈ మూడు పేర్లు మాత్రం పెద్ద అక్షరాల్లో. ఎర్రర్లు కొనుగోలుదారుకు కనిపించవు, 'డబ్ల్యూపీ-కంటెంట్' ఫోల్డర్‌లోని లాగ్ ఫైల్‌లో పడతాయి.

ఇంకో సంగతి తేల్చుకోండి: మీది పాత పద్ధతి థీమా, బ్లాక్ థీమా? అడ్మిన్‌లో 'అపియరెన్స్' కింద 'ఎడిటర్' కనిపిస్తే దాదాపుగా బ్లాక్ థీమే. దాని టెంప్లేట్లు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు, వాటిలో పీహెచ్‌పీ రాస్తే పనిచేయదు. అలాంటివాళ్లు 2, 3, 4, 7 భాగాలు చదివి 9కి వెళ్లండి.

## 2. ఫీల్డ్‌ల పట్టీ ముందు కాగితం మీద

కంప్యూటర్ పక్కన పెట్టి ఒక కాగితం తీసుకోండి. ఏ ఫీల్డ్, అందులో ఏం ఉండాలి, ఖాళీగా ఉంటే పేజీలో ఏం చూపాలి. ఈ మూడో గడిని దాదాపు అందరూ వదిలేస్తారు. నాకు వచ్చే ఫోన్లలో సగం దాని గురించే.

గద్వాల దుకాణానికి మేం రాసుకున్నది ఇది:

- చీర_ధర: అంకెలు మాత్రమే. ఖాళీ అయితే 'ధర కోసం ఫోన్ చేయండి'.
- చీర_నిడివి: మీటర్లలో, అంకె మాత్రమే. ఖాళీ అయితే ఆ వరుసే చూపొద్దు.
- చీర_అంచు: చిన్న వాక్యం. ఖాళీ అయితే చూపొద్దు.
- చీర_జాకెట్: జాకెట్ ముక్క ఉంటే 1, లేకపోతే 0.
- చీర_ఉతుకుడు: రెండు మూడు వాక్యాలు. ఖాళీ అయితే అన్ని చీరలకూ వర్తించే మామూలు సూచన.

విలువలో కొలమానం రాయొద్దు. ఆ అబ్బాయి మొదట్లో నిడివి దగ్గర ఒకదానికి '6.3 మీటర్లు' అనీ, ఇంకోదానికి '6.30 మీ' అనీ, మరోదానికి '5.5 చీర, 0.8 జాకెట్' అనీ కొట్టాడు. మనిషి చదివితే మూడూ ఒకటే. రేపు నిడివిని బట్టి చీరలు వడపోయాలంటే మూడు పక్కల మూడు. ఫీల్డ్‌లో 6.3 మాత్రమే ఉంచి, 'మీటర్లు' అన్న మాటను టెంప్లేట్‌లో చేర్చండి.

కీ పేర్లకు, అంటే ఫీల్డ్‌లకు మనం పెట్టే పేర్లకు, మూడు నియమాలు చాలు. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్. ముందు మీ సొంత గుర్తు, ఇక్కడ 'చీర_' లాగా. ఉత్త 'ప్రైస్' అని పెడితే ఇంకేదో ప్లగిన్ అదే పేరు వాడుకునే ప్రమాదం ఉంది. మూడోది, పేరును అండర్‌స్కోర్‌తో మొదలుపెట్టకండి. అలా మొదలైన కీ వర్డ్‌ప్రెస్‌కు రహస్యమైనది. ఎడిటర్‌లోని కస్టమ్ ఫీల్డ్‌ల పెట్టెలో కనిపించదు, మీరు అది పోయిందనుకుని టెన్షన్ పడతారు.

ఆ పెట్టె అసలే కనిపించకపోతే ఎడిటర్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు, 'ప్రిఫరెన్సెస్', అందులో 'కస్టమ్ ఫీల్డ్స్' ఆన్ చేయండి. పేజీ ఒకసారి రీలోడ్ అవుతుంది. అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ ప్లగిన్ వాడుతుంటే అది ఈ పెట్టెను దాచేసి తన ఫారాన్ని చూపిస్తుంది, కంగారు లేదు.

## 3. ఫంక్షన్‌ను ఎక్కడ రాయాలి

చైల్డ్ థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైల్‌లో రాయొచ్చు, సొంతంగా ఓ చిన్న ప్లగిన్‌లో రాయొచ్చు. నేను ప్లగిన్‌కే ఓటేస్తాను. చీర ధర అనేది దుకాణం సంగతి, థీమ్ సంగతి కాదు. వచ్చే ఏడాది థీమ్ మార్చినా ఆ ఫంక్షన్ ఉండాలి.

ప్లగిన్ అంటే పెద్ద పనేం కాదు. ప్లగిన్స్ ఫోల్డర్‌లో కొత్త ఫోల్డర్, అందులో ఒక పీహెచ్‌పీ ఫైల్, మొదట్లో కామెంట్‌గా 'ప్లగిన్ నేమ్:' అని రాసి పేరు. అంతే. అడ్మిన్‌లో యాక్టివేట్ చేయండి. ఫైల్ చివర పీహెచ్‌పీ మూసే గుర్తు పెట్టకండి. దాని తర్వాత ఒక్క ఖాళీ లైన్ మిగిలినా 'హెడర్స్ ఆల్రెడీ సెంట్' అన్న ఎర్రర్ తలనొప్పి తెస్తుంది.

దీనికో మెలిక ఉంది. ఎవరైనా ఆ ప్లగిన్‌ను ఆపేస్తే టెంప్లేట్ లేని ఫంక్షన్‌ను పిలుస్తుంది, పేజీ కుప్పకూలుతుంది. అందుకని టెంప్లేట్‌లో పిలిచే ముందు 'ఫంక్షన్_ఎగ్జిస్ట్స్' తో ఉందో లేదో అడగాలి. ఐదో భాగంలో చూపిస్తా.

## 4. ఫంక్షన్ రాయడం

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క మాట గుర్తుంటే చాలంటే, అది ఇదే: ఫంక్షన్ విలువను తెచ్చి ఇవ్వాలి, చూపించే పని టెంప్లేట్‌ది. ఫంక్షన్ లోపలే 'ఎకో' కొట్టేస్తే, అంటే అక్కడే ముద్రించేస్తే, ఈరోజు పని అయిపోతుంది. రేపు అదే విలువను బొమ్మ పక్కన పెట్టాలన్నా, షార్ట్‌కోడ్‌లో వాడాలన్నా, పోల్చి చూడాలన్నా కుదరదు. వర్డ్‌ప్రెస్ సొంత పేర్లలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 'గెట్_ది_టైటిల్' ఇస్తుంది, 'ది_టైటిల్' ముద్రిస్తుంది.

```
ఫంక్షన్ చీర_ఫీల్డ్( $కీ, $ఐడీ = 0, $లేకపోతే = '' ) {
    ఇఫ్ ( ! $ఐడీ ) {
        $ఐడీ = గెట్_ది_ఐడీ();
    }
    $విలువ = గెట్_పోస్ట్_మెటా( $ఐడీ, $కీ, ట్రూ );
    ఇఫ్ ( $విలువ === '' || $విలువ === ఫాల్స్ ) {
        రిటర్న్ $లేకపోతే;
    }
    రిటర్న్ $విలువ;
}
```

'గెట్_పోస్ట్_మెటా' చివర్లో ఉన్న ట్రూ చిన్నదే గానీ దాని మీదే కథ నడుస్తుంది. ట్రూ ఇస్తే ఒకే విలువ వస్తుంది. అది రాయకపోతే ఒకే విలువ ఉన్నా సరే అర్రేలో, అంటే విలువల జాబితాలో, చుట్టి ఇస్తుంది. అప్పుడు పేజీలో ధర బదులు 'అర్రే' అన్న ఇంగ్లిష్ మాట ముద్రపడుతుంది. కీ లేకపోతే ఖాళీ స్ట్రింగ్, ఐడీయే చెల్లకపోతే ఫాల్స్. అందుకే రెండింటినీ పట్టుకున్నాం.

ఇక్కడ చాలామంది 'ఎంప్టీ' వాడతారు. వాడొద్దు. మా వైపు బత్తాయి కొనే ఒక వ్యాపారి సైట్‌లో 'ఈరోజు మిగిలిన టన్నులు' అని ఒక ఫీల్డ్ ఉండేది. సరుకు అయిపోయిన రోజు ఆయన నిజాయితీగా 0 కొట్టేవాడు. పీహెచ్‌పీ దృష్టిలో '0' కూడా ఎంప్టీయే. దాంతో ఖాళీ ఫీల్డ్ అనుకుని సైట్ 'వివరాలకు ఫోన్ చేయండి' అని చూపేది, సరుకు లేని రోజునే ఫోన్లు మోగేవి. సున్నా కూడా ఒక విలువే. మూడు ఈక్వల్ గుర్తులతో ఖాళీ స్ట్రింగ్‌తో పోల్చడం అందుకే.

ఫంక్షన్ పేరులో తెలుగు అక్షరాలు పెట్టినా నిజానికి పీహెచ్‌పీ ఒప్పుకుంటుంది. సరదాకు ఒకసారి చేసి చూశాను, పనిచేసింది. మరుసటి రోజు ఆ పేరును వేరే కీబోర్డ్‌లో మళ్లీ టైప్ చేయలేక తిప్పలు పడ్డాను. ఇంగ్లిష్‌లోనే ఉంచండి.

## 5. టెంప్లేట్‌లో పిలవడం

ముందు సరైన ఫైల్ పట్టుకోవాలి. 'చీర' అనే పోస్ట్ టైప్ (చీరల కోసం విడిగా చేసుకున్న పోస్టుల రకం) ఉంటే వర్డ్‌ప్రెస్ 'సింగిల్-చీర' ఫైల్ వెతుకుతుంది. లేకపోతే 'సింగిల్', అదీ లేకపోతే 'సింగ్యులర్', చివరికి 'ఇండెక్స్'. అసలు థీమ్‌లోని 'సింగిల్' ఫైల్‌ను చైల్డ్ థీమ్‌లోకి కాపీ చేసి 'సింగిల్-చీర' అని పేరు మార్చండి. ఏ ఫైల్ నడుస్తోందో అనుమానంగా ఉంటే అందులో ఒక హెచ్‌టీఎంఎల్ కామెంట్ రాసి, బ్రౌజర్‌లో 'వ్యూ సోర్స్' తెరిచి వెతకండి. నిమిషం పని. ఇది చేయకుండా వేరే ఫైల్‌లో గంటసేపు మార్పులు చేసి 'ఏమీ మారడం లేదన్నా' అని ఫోన్ చేసినవాళ్లున్నారు.

తర్వాత లూప్ (పోస్టులను ఒక్కొక్కటిగా తీసి చూపే కోడ్) లోపల, అంటే 'ది_పోస్ట్' పిలిచిన లైన్ కింద:

```
ఇఫ్ ( ఫంక్షన్_ఎగ్జిస్ట్స్( 'చీర_ఫీల్డ్' ) ) {
    $నిడివి = చీర_ఫీల్డ్( 'చీర_నిడివి' );
    ఇఫ్ ( $నిడివి !== '' ) {
        ఎకో 'నిడివి: ' . ఈఎస్‌సీ_హెచ్‌టీఎంఎల్( $నిడివి ) . ' మీటర్లు';
    }
}
```

'నిడివి:' అన్న మాట కూడా ఇఫ్ లోపలే ఉంది చూడండి. మొదట చెప్పిన ఉత్త రూపాయి గుర్తు కేసు సరిగ్గా ఇదే. ఆ అబ్బాయి గుర్తును ఇఫ్ బయట రాశాడు, విలువ వచ్చినా రాకపోయినా గుర్తు ముద్రపడింది. విలువ ఎందుకు రాలేదంటే కీ పేరులో ఒక అక్షరం తేడా, అది వేరే సంగతి.

ముద్రించే చోట శుభ్రం చేయడం తప్పనిసరి. చోటును బట్టి ఫంక్షన్ మారుతుంది.

- పేజీలో మామూలు పాఠం: ఈఎస్‌సీ_హెచ్‌టీఎంఎల్
- హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ లోపల, కోట్‌ల మధ్య: ఈఎస్‌సీ_ఆట్ర్
- లింక్ అడ్రస్: ఈఎస్‌సీ_యూఆర్ఎల్
- బోల్డ్, లింకులు లాంటి ట్యాగ్‌లు ఉండే పాఠం: డబ్ల్యూపీ_కేఎస్ఈఎస్_పోస్ట్

ఇదంతా హ్యాకర్ల భయం కోసమే అనుకుంటారు. అంతకంటే ముందు మన సొంత రాతే కొంప ముంచుతుంది. గద్వాల చీరకు పట్టు అంచు, కొంగు ప్రాణం కాబట్టి ఆ అబ్బాయి అంచు వెడల్పును అంగుళాల్లో రాశాడు: 6" పట్టు అంచు. ఆ పాఠాన్నే బొమ్మ ట్యాగ్‌లో 'ఆల్ట్' దగ్గర కోట్‌ల మధ్య నేరుగా పెట్టాం. అంగుళం గుర్తు అంటే డబుల్ కోటే కదా. బ్రౌజర్ 6 దగ్గరే ఆల్ట్ ముగిసిందనుకుంది, 'పట్టు అంచు' అన్న మాటలను ట్యాగ్‌లోని వేరే యాట్రిబ్యూట్లుగా లెక్కేసింది. 'ఈఎస్‌సీ_ఆట్ర్' పెట్టగానే సర్దుకుంది. అంగుళాలు రాసే ప్రతి దుకాణంలో ఈ గొడవ పొంచి ఉంటుంది.

ఊకామర్స్ (ఆన్‌లైన్ అమ్మకాల ప్లగిన్) వాడేవాళ్లకు చిన్న గమనిక. ప్రొడక్ట్ పేజీలో 'యాట్రిబ్యూట్స్' కింద పెట్టిన రంగు, నేత లాంటివి ఈ ఫంక్షన్‌తో రావు. వాటికి ప్రొడక్ట్ ఆబ్జెక్ట్ మీద 'గెట్_ఆట్రిబ్యూట్' పిలవాలి. అన్ని ప్రొడక్ట్‌లకూ ఉమ్మడిగా పెట్టిన యాట్రిబ్యూట్ అయితే విలువలన్నీ కామాలతో కలిపి ఒకే స్ట్రింగ్‌గా వస్తాయి.

## 6. ఒక చీర పేజీలో ఇంకో చీర ధర

నారాయణపేట సైట్‌లో జరిగింది. పేజీ మధ్యలో 'మరికొన్ని చీరలు' అని నాలుగు బొమ్మలు. వాటి కింద 'ఈ చీర కావాలా?' అన్న పెట్టె, అందులో ధర. ఏ చీర తెరిచినా ఆ పెట్టెలో నాలుగో బొమ్మ ధరే. ఎవరూ గమనించలేదు, ఒకామె పైన ఒక ధర కింద ఒక ధర చూసి స్క్రీన్‌షాట్ పంపేదాకా.

కారణం ఇది. 'మరికొన్ని చీరలు' కోసం కొత్త 'డబ్ల్యూపీ_క్వెరీ' రాసి లూప్ తిప్పినప్పుడు 'ఇప్పటి పోస్ట్' అన్న గుర్తింపు ఆ నాలుగో చీర మీద ఆగిపోయింది. దాని తర్వాత 'గెట్_ది_ఐడీ' ఎక్కడ పిలిచినా ఆ చీర ఐడీయే ఇస్తుంది.

సరిచేసే పద్ధతి రెండంచెలు. సొంత లూప్ ముగిసిన వెంటనే 'డబ్ల్యూపీ_రీసెట్_పోస్ట్‌డేటా' పిలవండి. అది మర్చిపోయినా దెబ్బ తగలకుండా, టెంప్లేట్ మొదటి లైన్లలోనే అసలు ఐడీ దాచుకుని ప్రతిచోటా అదే ఇవ్వండి:

```
$ఈ_చీర = గెట్_క్వెరీడ్_ఆబ్జెక్ట్_ఐడీ();
$ధర = చీర_ఫీల్డ్( 'చీర_ధర', $ఈ_చీర );
```

సైడ్‌బార్, ఫుటర్ లాంటి లూప్ బయటి చోట్లకు కూడా ఇదే మందు. 'గెట్_టెంప్లేట్_పార్ట్' తో పేజీని ముక్కలు చేసుకుంటే, వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి మూడో ఆర్గ్యుమెంట్‌గా ఒక అర్రేలో ఐడీని పంపొచ్చు. గ్లోబల్ వేరియబుల్‌తో కుస్తీ అక్కర్లేదు.

ఒక్కో ఫీల్డ్‌కు ఒక్కోసారి ఫంక్షన్ పిలిస్తే సైట్ నెమ్మదిస్తుందా అని అడుగుతుంటారు. మామూలు లూప్‌లో నెమ్మదించదు. వర్డ్‌ప్రెస్ ఒక పోస్ట్ ఫీల్డ్‌లన్నింటినీ ఒకేసారి తెచ్చి దగ్గర పెట్టుకుంటుంది. తర్వాతి పిలుపులు డేటాబేస్ దాకా పోవు.

## 7. ధర: పన్నెండు వేల చీర పన్నెండు రూపాయలకు

ధర ఫీల్డ్‌లో ఎవరో '12,500' అని కామాతో కొట్టారు. టెంప్లేట్‌లో దాన్ని 'ఇంట్' గా మార్చి చూపిస్తున్నారు. పీహెచ్‌పీ ఎడమ నుంచి చదువుకుంటూ వచ్చి కామా దగ్గర ఆగిపోతుంది. మిగిలింది 12. పేజీలో ₹12. ఇది ఊహించి చెప్పడం లేదు, అరగంటలో మూడు ఆర్డర్లు వచ్చాయి.

తెలుగు అంకెల్లో ౧౨౫౦౦ అని కొడితే ఇంకా ఘోరం, ఫలితం 0.

అందుకని ధరకు విడిగా ఒక ఫంక్షన్ ఉండాలి. అందులో మొదటి పని 'ఈజ్_న్యూమరిక్' తో పరీక్షించడం. కామా ఉన్నా, తెలుగు అంకెలున్నా, 'రూ.' అని రాసినా ఆ పరీక్షలో తప్పుతాయి.

```
ఫంక్షన్ చీర_ధర_పాఠం( $ఐడీ = 0 ) {
    $ధర = చీర_ఫీల్డ్( 'చీర_ధర', $ఐడీ );
    ఇఫ్ ( ! ఈజ్_న్యూమరిక్( $ధర ) ) {
        రిటర్న్ 'ధర కోసం ఫోన్ చేయండి';
    }
    రిటర్న్ '₹' . చీర_కామాలు( $ధర );
}
```

తప్పు ధర కంటే ధర లేకపోవడమే నయం.

'చీర_కామాలు' అనేది మీరు రాసుకునే ఇంకో చిన్న ఫంక్షన్. వర్డ్‌ప్రెస్ 'నంబర్_ఫార్మాట్_ఐ18ఎన్' మూడేసి అంకెలకు కామా పెడుతుంది. 99,999 వరకు తేడా తెలియదు గానీ, లక్షా పాతిక వేలైతే 125,000 అని వస్తుంది, మన కంటికి 1,25,000 కావాలి. పీహెచ్‌పీలోని 'నంబర్‌ఫార్మాటర్' కు భారతీయ ఇంగ్లిష్ లొకేల్ ఇస్తే మన పద్ధతిలో కామాలు పెడుతుంది. అది 'ఇంటెల్' అనే ఎక్స్‌టెన్షన్‌తో వస్తుంది, ఐ-ఎన్-టీ-ఎల్. చవక హోస్టింగ్‌లలో అది ఆన్ చేసి ఉండకపోవచ్చు కాబట్టి 'క్లాస్_ఎగ్జిస్ట్స్' తో చూసుకుని, లేకపోతే మామూలు ఫార్మాట్‌కు తగ్గండి.

## 8. తెలుగు పాఠాన్ని కత్తిరించేటప్పుడు, షార్ట్‌కోడ్ రాసేటప్పుడు

ఉతికే సూచన పొడవుగా ఉంది, జాబితా పేజీలో కొంచెమే చూపాలి. వెంటనే 'సబ్‌స్ట్ర్' గుర్తొస్తుంది. ఇంగ్లిష్‌కు సరే. తెలుగులో ఒక్కో గుర్తు మూడు బైట్లు. 'చీర' అన్న మాటలో చ, దీర్ఘపు గుడి, ర కలిసి 9 బైట్లు. 7 బైట్ల దగ్గర కోస్తే 'ర' నిలువునా తెగుతుంది. అలా తెగిన పాఠాన్ని 'ఈఎస్‌సీ_హెచ్‌టీఎంఎల్' కు ఇస్తే అది చెల్లని పాఠమని మొత్తాన్నీ ఖాళీ చేసి ఇస్తుంది. కొన్ని చీరలకు సూచన కనిపించి కొన్నింటికి మాయమైతే ముందు ఇక్కడే చూడండి.

'ఎంబీ_సబ్‌స్ట్ర్' కొంత మేలు, కానీ అదీ అక్షరానికీ గుణింతానికీ మధ్య, ఒత్తు దగ్గర తెంచగలదు. 'డబ్ల్యూపీ_ట్రిమ్_వర్డ్స్' తో పదాల లెక్కన కత్తిరించండి. తెలుగుకు అదే సుఖం.

పోస్ట్ మధ్యలో ఫీల్డ్ చూపాలంటే షార్ట్‌కోడ్, అంటే పాఠంలో చదరపు బ్రాకెట్ల మధ్య రాసే పేరు. 'యాడ్_షార్ట్‌కోడ్' కు ఇచ్చే ఫంక్షన్ కచ్చితంగా రిటర్న్ చేయాలి. ఎకో చేస్తే విలువ మీరు పెట్టిన చోట కాకుండా పాఠం పైకి ఎగిరి కూర్చుంటుంది. షార్ట్‌కోడ్‌లో రాసే యాట్రిబ్యూట్ పేర్లు లోపలికి చిన్న అక్షరాల్లోనే వస్తాయి, పెద్దక్షరాలతో వెతికితే దొరకవు.

టెంప్లేట్ ఫైల్‌లో ఉండి 'డు_షార్ట్‌కోడ్' పిలవడం చూస్తుంటాను. నల్గొండ నుంచి మిర్యాలగూడ పోవడానికి హైదరాబాద్ చుట్టి వచ్చినట్టు. ఫంక్షన్ మీదే, నేరుగా పిలవండి.

## 9. బ్లాక్ థీమ్ ఉన్నవాళ్లకు

టెంప్లేట్‌లో పీహెచ్‌పీ నడవదు కాబట్టి దారి వేరు. 2024లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.5 నుంచి 'బ్లాక్ బైండింగ్స్' ఉంది. పేరా, హెడింగ్, బొమ్మ, బటన్ బ్లాక్‌లను ఫీల్డ్ విలువకు కట్టేయొచ్చు.

1. మీ ప్లగిన్‌లో 'ఇనిట్' హుక్ (వర్డ్‌ప్రెస్ మొదలయ్యేటప్పుడు మన కోడ్‌ను తగిలించే చోటు) మీద 'రిజిస్టర్_పోస్ట్_మెటా' తో కీని నమోదు చేయండి. టైప్ స్ట్రింగ్, 'సింగిల్' ట్రూ, 'షో_ఇన్_రెస్ట్' ట్రూ. ఈ చివరిది మర్చిపోతే ఎడిటర్‌కు ఫీల్డ్ కనిపించదు.
2. పోస్ట్ టైప్ మీరే తయారు చేసి ఉంటే, దాని 'సపోర్ట్స్' లో 'కస్టమ్-ఫీల్డ్స్' ఉండాలి.
3. 6.7 లేదా ఆ తర్వాతి వెర్షన్ అయితే బ్లాక్ ఎంచుకుని, పక్క ప్యానెల్‌లోని 'యాట్రిబ్యూట్స్' దగ్గర ఫీల్డ్‌ను ఎంచుకోవచ్చు. అంతకుముందు వెర్షన్‌లో కోడ్ ఎడిటర్ తెరిచి చేత్తో రాయాలి.

ఇది ఉన్న విలువను ఉన్నట్టు తెస్తుంది. కామాలు పెట్టిన ధర, 'ఫోన్ చేయండి' లాంటి తర్కం కావాలంటే 'రిజిస్టర్_బ్లాక్_బైండింగ్స్_సోర్స్' తో సొంత సోర్స్ నమోదు చేసి, దానికి ఇచ్చే ఫంక్షన్‌లో పైన రాసిన 'చీర_ధర_పాఠం' పిలవండి. ఫంక్షన్ ఇవ్వాలి, ముద్రించకూడదు అన్నది ఇక్కడ పనికొచ్చింది చూడండి. అక్షరం మార్చకుండా వాడుకోవచ్చు.

## 10. పని చేయకపోతే ఎక్కడ చూడాలి

ముందు లాగ్ ఫైల్ చివరి లైన్ చదవండి. ఊహలు తర్వాత.

- 'కాల్ టు అన్‌డిఫైన్డ్ ఫంక్షన్': ప్లగిన్ ఆగి ఉంది, లేదా పేరులో అక్షరం తప్పు.
- 'కెనాట్ రీడిక్లేర్': ఒకే ఫంక్షన్ రెండు చోట్ల ఉంది. ప్లగిన్‌లోకి మార్చి, ఫంక్షన్స్ ఫైల్‌లో పాతది తీయడం మర్చిపోయారు.
- 'పార్స్ ఎర్రర్': చెప్పిన లైన్‌లో తప్పు లేకపోతే దాని పై లైన్ చివర చూడండి, సెమికోలన్ ఉండదు.
- కొన్ని చీరలకే ఖాళీ: కీ పేరులో తేడా. ఎడిటర్‌లో కీని కొత్తగా టైప్ చేయకుండా జాబితా నుంచి ఎంచుకుంటే ఈ బాధ తప్పుతుంది.
- బొమ్మ బదులు ఒక అంకె: అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్‌లో బొమ్మ ఫీల్డ్ దాచేది బొమ్మ ఐడీని. 'గెట్_పోస్ట్_మెటా' ఆ అంకెనే ఇస్తుంది. ప్లగిన్ సొంత 'గెట్_ఫీల్డ్' వాడండి, లేదా ఐడీని 'డబ్ల్యూపీ_గెట్_అటాచ్‌మెంట్_ఇమేజ్' కు ఇవ్వండి.

సైట్ మొత్తం పడిపోతే, వర్డ్‌ప్రెస్ 5.2 నుంచి రికవరీ లింక్ ఒకటి అడ్మిన్ ఈమెయిల్‌కు వస్తుంది. ఆ ఈమెయిల్ ఎవరిదో ఇప్పుడే సెట్టింగ్స్‌లో చూడండి. నేను చూసిన చాలా దుకాణాల సైట్లలో అది ఎప్పుడో మానేసిన పాత డెవలపర్‌ది. మెయిల్ రాకపోతే ఫైల్ మేనేజర్‌లో మీ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చండి, అది ఆగిపోతుంది.

## 11. అసలు సైట్‌కు ఎక్కించే రోజు

- అన్ని ఫీల్డ్‌లూ నింపిన చీర ఒకటి, అన్నీ ఖాళీగా ఉన్న చీర ఒకటి, ధర దగ్గర 0 ఉన్నది ఒకటి, కామాతో కొట్టినది ఒకటి. నాలుగూ తెరిచి చూశారా?
- అంచు దగ్గర అంగుళం గుర్తు పెట్టి బొమ్మ ట్యాగ్ విరగడం లేదని సోర్స్‌లో చూశారా?
- ప్లగిన్‌ను ఒక్క నిమిషం ఆపి, పేజీ కూలకుండా నిలబడిందా చూశారా?
- 'మరికొన్ని చీరలు' కింద ఉన్న ధర, పైన ఉన్న ధర ఒకటేనా?
- డీబగ్ ఆపి, లాగ్ ఫైల్ తీసేశారా? చాలా సర్వర్లలో దాని అడ్రస్ తెలిస్తే బయటివాళ్లు కూడా తెరవగలరు.
- కాష్ ప్లగిన్ (పేజీల కాపీలు దాచి చూపేది) ఉంటే ఖాళీ చేశారా?

చివరి పరీక్ష మీ కంప్యూటర్‌లో చేయకండి. లాగిన్ అయి ఉన్నవాళ్లకు కాష్ ప్లగిన్లు మామూలుగా తాజా పేజీనే చూపిస్తాయి, కొనేవాళ్లకు పాతది వెళ్తుంటుంది. వైఫై ఆపి, ఫోన్‌లో మొబైల్ డేటా మీద, ప్రైవేట్ ట్యాబ్‌లో తెరిచి ధర చూడండి. అక్కడ సరిగ్గా ఉంటేనే దుకాణం వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.